కట్టుబాటు కాసిన చెరువులు

నీటిపక్షులు గూళ్లు కట్టే చోట్ల చరిత్ర వెతుక్కుంటూ పోతే దాదాపు ప్రతిచోటా ముందుగా ఎదురయ్యేది మనుషులు పోసిన ఒక కట్ట. తమిళనాట చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగల్ పొలాలకు నీళ్లిచ్చే ఊరచెరువు. మన సూళ్లూరుపేటకు దగ్గర్లో, దొరవారిసత్రం మండలంలో ఉన్న నేలపట్టు కూడా చెరువే. శ్రీరంగపట్నం పక్కన కావేరిలోని రంగనతిట్టు లంకలు 17వ శతాబ్దంలో మైసూరు రాజు కంఠీరవ నరసరాజు కాలంలో నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట వల్ల తేలాయి. ఎక్కడో రాజస్థాన్‌లో ఉన్న భరత్‌పూర్ సంగతీ అంతే. అక్కడి పల్లపు నేలలో నీళ్లు నిలవడానికి కారణం 18వ శతాబ్దంలో మహారాజా సూరజ్‌మల్ కట్టించిన అజన్ కట్ట. అయినా మనం వీటన్నిటినీ అభయారణ్యాల లెక్కలో వేసి, మనిషి చెయ్యి పడని అడవుల్లా ఊహించుకుంటాం. చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, ఊరివాళ్లను బయటికి పంపితే మిగతాది ప్రకృతే చూసుకుంటుందన్న నమ్మకం ఆ ఊహలోంచే పుట్టింది. ఈ చెరువుల గతం ఆ నమ్మకాన్ని బలపరచదు. ఇవి రెండు మూడు వందల ఏళ్లు నిలిచింది ఊళ్లు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు వల్ల. చట్టం ఆలస్యంగా వచ్చింది. ఆ కట్టుబాటుకు అండగా నిలిచినచోట అది మేలు చేసింది. కట్టుబాటును తోసేసి తానే సర్వస్వం అనుకున్నచోట కీడు చేసింది. అసలు కట్టుబాటే లేనిచోట ఎంత బలమైన చట్టమూ చెరువును నిలబెట్టలేకపోయింది.

వేడంతాంగల్‌తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే మన దేశంలో పక్షుల రక్షణకు కాగితం మీద దొరికే అతి పాత ఆధారాల్లో అదొకటి. మద్రాసుకు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, సుమారు 30 హెక్టార్ల విస్తీర్ణం ఉన్న చిన్న చెరువది. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండగానే నీళ్లలో నిలబడ్డ చెట్లమీదికి నత్తగుల్ల కొంగలు, కంకణాలు, నీటికాకులు, తెల్లకొంగలు, చింతవక్కులు వేలల్లో చేరతాయి. 18వ శతాబ్దం చివరి ఏళ్లలో ఆంగ్ల సైనికులు అక్కడ కొంగలను కాల్చారు. ఊరివాళ్లు ఊరుకోలేదు. ఈస్టిండియా కంపెనీ తరఫున ఆ ప్రాంతానికి కలెక్టరుగా ఉన్న లయొనెల్ ప్లేస్ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశారు. చెరువులోని పక్షులను కాపాడుకునే హక్కు తమదేనని రాయించి కౌలునామా తెచ్చుకున్నారు. 1858లో దాన్ని మళ్లీ ఖాయం చేయించుకున్నారు. ఇక్కడ గమనించాల్సింది ఆ అర్జీ స్వభావం. పక్షులమీద దయ చూపమని ఆ రైతులు దొరను వేడుకోలేదు. అప్పటికే తమ చేతుల్లో ఉన్న కాపలాను కంపెనీ గుర్తించాలని అడిగారు. అంటే కౌలునామా కంటే కాపలా పాతది. ఎంత పాతదో చెప్పే పత్రం ఉండదు, కట్టుబాటు ఎప్పుడూ పత్రంగా పుట్టదు కాబట్టి. ఎవరో బయటివాళ్లు వచ్చి దాన్ని మీరినప్పుడే దానికి రాత అవసరమైంది.

ఆ కాపలా వెనక భక్తి ఉందా, సౌందర్యదృష్టి ఉందా అంటే ఉండొచ్చు. కానీ ఊరివాళ్లు తరతరాలుగా చెబుతూ వచ్చిన కారణం చాలా సూటిగా ఉంటుంది. పక్షులు చుట్టుపక్కల చెరువుల్లో, మడుల్లో తిన్న చేపలు, నత్తలు, కప్పలు రెట్టగా మారి గూళ్ల కింది నీళ్లలో పడతాయి. ఆ సారం నిండిన నీళ్లు తూము దాటి ఆయకట్టు వరిపొలాలకు చేరతాయి. రసాయన ఎరువు అనేది లేని కాలంలో, పశువుల పేడే పొలానికి ప్రాణమైన కాలంలో, వేల పక్షులు ఏటా మోసుకొచ్చే ఆ బలం చిన్న విషయం కాదు. రైతుకు పంట పెరిగితే కంపెనీకి శిస్తు పెరుగుతుంది. ప్లేస్ కలెక్టరుగా చెరువుల మరమ్మతుల మీద ఎంత శ్రద్ధ పెట్టాడో తెలియాలంటే దగ్గర్లోని మధురాంతకం చూడాలి. అక్కడి పెద్ద చెరువు కట్ట వానకు తెగిపోబోతుంటే రాముడు, లక్ష్మణుడు విల్లంబులతో కట్టమీద కాపలా ఉండగా ఆ దొర చూశాడని స్థానిక ఐతిహ్యం. అక్కడి స్వామిని ఇప్పటికీ చెరువు కాచిన రాముడనే కొలుస్తారు. ఐతిహ్యాన్ని చరిత్రగా తీసుకోనక్కర్లేదు. కానీ ఒక కట్ట నిలవడమంటే దేవుడూ దొరా రైతూ ముగ్గురికీ పట్టిన విషయమని ఆ సీమ నమ్మిందనడానికి అది సాక్ష్యం. వేడంతాంగల్ కౌలునామా ఆ నమ్మకం మధ్యనే పుట్టింది. పక్షి, నీరు, వరి, శిస్తు ఒకే వరసలో నిలిచాయి గనకే ఊరి కోరికకు సర్కారు ముద్ర పడింది.

ఈ వరసలో నీటి పాత్రను ఇంకొంచెం దగ్గరగా చూడాలి, యాజమాన్యం అనే మాటకు అసలు అర్థం అక్కడే తేలుతుంది. చెట్టుమీద గూడు కట్టే కొంగకు కింద నిలిచిన నీరే కోట కందకం. నీరున్నంతకాలం పిల్లులు, నక్కలు, ఊరకుక్కలు చెట్టు మొదటికి రాలేవు. పిల్లలకు రెక్కలు రాకముందే చెరువు ఎండితే కందకం పోయినట్టే. అందుకని అలుగు ఏ ఎత్తున పొర్లుతోంది, తూము ఎప్పుడు ఎత్తారు, చివరి తడికి ఎంత నీరు వదిలారు అన్నవి రైతుకు ఎంత ముఖ్యమో పక్షికీ అంతే ముఖ్యం. పైగా 30 హెక్టార్ల నీళ్లు వేల పక్షులకు తిండి పెట్టలేవు. అవి గూటికి ఇక్కడికి వచ్చినా మేతకు చుట్టూ ఉన్న పదుల చెరువులకు, వరిమడులకు పోతాయి. నేలపట్టులో గూడు కట్టే గూడబాతులు మేతకు పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళ్లివస్తాయి. కాబట్టి పక్షుల చెరువు అనేది ఒంటరి చెరువు కాదు, ఒక గొలుసులో ముడి. ఆ గొలుసును తెలుగు తమిళ సీమలు ఎంత శ్రమతో నిలబెట్టుకున్నాయో తెలియాలంటే పోరుమామిళ్ల శాసనం గుర్తుచేసుకుంటే చాలు. 1369లో విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించి వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను లెక్కపెట్టి చెబుతుంది. చెరువు మరమ్మతుకు దశబంధం మాన్యాలు, పొలాలకు నీరు పంచే నీరటికాళ్లు, ఏటా పూడిక తీసి ఒండ్రును పొలాలకు తోలుకునే అలవాటు, ఇవన్నీ ఆ శాస్త్రానికి ఊళ్లో జరిగిన ఆచరణ. పక్షుల కోసమని ఎవరూ ఇవి చేయలేదు. అయినా ఈ పనులు జరిగినంతకాలం పక్షులు బతికాయి.

ఇది ఒక్క వేడంతాంగల్ ముచ్చట కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, అనంతపురం సీమలోని వీరాపురంలో, గుంటూరు పక్కన ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద, చెరువులోని తుమ్మల మీద గూళ్లు పెడతాయి. తమిళనాట శివగంగ జిల్లా కొల్లుకుడిపట్టి వాళ్లు పక్షులు బెదరకూడదని దీపావళికి టపాకాయలు కాల్చడం మానేశారు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని చూసి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని గురించి రాశాడు. తాటిచెట్ల మీద, మనుషుల మధ్య వందల గూళ్లు అప్పటిదాకా శాస్త్రలోకం కంట పడకుండా, ఊరివాళ్ల కళ్లెదుట సాగిపోయాయి. తర్వాతి దశాబ్దాల్లో ఆ స్థావరం అంతరించింది. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ పక్షులు సైబీరియా నుంచి వచ్చే విదేశీ అతిథులని ఏటా పత్రికల్లో చదువుతాం. చలికాలంలో ఉత్తరాది నుంచి బాతులు, ఉల్లంకులు మన నీళ్లకు వచ్చే మాట నిజమే. కానీ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు ఈ ఉపఖండం పక్షులే. వాన, నీరు, చేప ఎటు ఉంటే అటు ఈ నేలమీదే తిరుగుతాయి, ఇక్కడే పుడతాయి. ఈ తేడా చిన్నదిగా కనిపించినా యాజమాన్యానికి మూలం. అతిథి అనుకుంటే మన బాధ్యత నాలుగు నెలలతో తీరిపోతుంది. మన పక్షి అనుకుంటే అది గూట్లో లేని ఎనిమిది నెలలూ ఏ చెరువులో తింటోందో, ఆ చెరువుకు ఏమవుతోందో కూడా మనమే పట్టించుకోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. పాత ఊరి కట్టుబాటును ఇంత గొప్పగా చెప్పడం గతాన్ని అందంగా చిత్రించుకోవడం కాదా? ఊరు తనకు లాభం ఉన్న పక్షినే కాచింది, లేనిదాన్ని వల వేసి పట్టుకుంది. చెరువు నీటిమీద పెత్తనం భూమి ఉన్నవాళ్లదే అయింది, భూమి లేనివాళ్లు ఆ కట్టుబాటును మోశారే తప్ప నిర్ణయించలేదు. తుపాకీ పట్టుకున్న బలవంతుడి ముందు ఊరి మాట చెల్లలేదు గనకే వేడంతాంగల్ వాళ్లు కలెక్టరును ఆశ్రయించాల్సి వచ్చింది. ఇవన్నీ నిజమే. ఆరేడు స్థావరం కనుమరుగవడమే కట్టుబాటు ఒక్కటీ చాలదనడానికి రుజువు. అందుకే చట్టం అక్కర్లేదని ఎవరూ అనలేరు. 1887లోనూ 1912లోనూ అడవి పక్షుల రక్షణకు బ్రిటిష్ ప్రభుత్వం చట్టాలు తెచ్చింది. వేడంతాంగల్‌కు 1936లో రక్షిత కేంద్రంగా గుర్తింపు దక్కింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో నేలపట్టు, పులికాట్ దాని కిందికి చేరాయి. వేటగాడి చేతిలో తుపాకీ దించింది, గూళ్లున్న చెట్టును నరకకుండా ఆపింది, చెరువు శిఖం భూమి కబ్జా కాకుండా చాలాచోట్ల అడ్డుపడింది ఈ చట్టాలే. నేలపట్టులో నీటిలో నిలబడి పెరిగే కడప చెట్ల తోపు ఇవాళ్టికీ ఉందంటే, గూడబాతులకు అది దేశంలోని ముఖ్యమైన పుట్టిళ్లలో ఒకటిగా మిగిలిందంటే అటవీ శాఖ కాపలాకు అందులో వాటా ఉంది. ప్రశ్న చట్టం ఉండాలా వద్దా అన్నది కాదు. చట్టం వచ్చినప్పుడు అప్పటిదాకా కాపలా కాసినవాణ్ణి ఎక్కడ నిలబెట్టింది అన్నదే ప్రశ్న. దానికి జవాబు భరత్‌పూర్ చెబుతుంది.

భరత్‌పూర్ పుట్టుకే విచిత్రమైనది. వరదనీరు నిలిచే పల్లంలో 19వ శతాబ్దం చివర సంస్థాన పాలకులు చిన్నచిన్న కట్టలు వేసి, తలుపులు పెట్టి, బాతులు వాలే మడుగులుగా మలిచారు. ఉద్దేశం రక్షణ కాదు, వేట. 1902 నుంచి వైస్రాయిలు, రాజులు అతిథులుగా వచ్చి కాల్చిన పక్షుల లెక్కలు అక్కడ రాతిమీద చెక్కి ఉన్నాయి. 1938 నవంబర్ 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను చంపిందని ఆ రాయి చెబుతుంది. 1956లో అది పక్షుల రక్షిత కేంద్రమైంది, 1981లో చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది, తర్వాత జాతీయ పార్కు అయింది, 1985లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందింది. 29 చదరపు కిలోమీటర్ల ఆ పార్కు చుట్టూ గోడ లేచింది. తరతరాలుగా అక్కడ గేదెలను మేపుకున్న ఊళ్లకు 1982 చివర్లో మేత నిషేధించారు. ఊళ్లు తిరగబడ్డాయి, పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. పక్షుల కోసం మనుషుల ప్రాణాలు పోయిన ఆ ఘటన మన సంరక్షణ చరిత్రలో చెరగని మచ్చ. అంత మూల్యం చెల్లించి సాధించింది ఏమిటో తేల్చింది కూడా శాస్త్రమే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వి.ఎస్. విజయన్ నాయకత్వంలో 1980 నుంచి పదేళ్లు అక్కడ పరిశోధన చేసింది. గేదెలు పోయాక నీటిమీద అల్లుకునే గడ్డి అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది, తెరపి నీళ్లు మూసుకుపోయాయి, చేపలకూ పక్షులకూ చోటు తగ్గింది అని తేల్చింది. గేదె ఆ నేలకు శత్రువు కాదు, గడ్డిని అదుపులో పెట్టే పనివాడు అని తెలిసేసరికి పనివాణ్ణి గోడ బయటికి నెట్టేశారు.

ఈ కథను చట్టం ఓటమిగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. నిషేధం పెట్టినవాళ్లు చెడ్డవాళ్లు కారు. పశువులు పచ్చదనాన్ని తినేస్తాయి, కాబట్టి పశువులు లేకపోతే పచ్చదనమూ పక్షులూ పెరుగుతాయి అన్నది అప్పటి సదుద్దేశం. పొరపాటు ఎక్కడుందంటే, కట్టి, నింపి, మేపి నిలబెట్టిన నేలను అడవి అనుకోవడంలో. అడవిని వదిలేస్తే అడవి అవుతుంది. కట్టిన చెరువును వదిలేస్తే పూడి, గడ్డిపట్టి, చివరికి మామూలు నేల అవుతుంది. భరత్‌పూర్‌కు రెండో పాఠం నీటి నుంచి వచ్చింది. గంభీర్ నది మీద పైన పాంచనా ఆనకట్ట కట్టాక కిందికి వచ్చే నీరు తగ్గింది. 2004లో పార్కుకు నీరు వదలాలన్నప్పుడు ఆయకట్టు రైతులు అడ్డుపడ్డారు. ప్రపంచ వారసత్వ సంపద ఎండిపోతుంటే గోడ లోపలి చట్టం గోడ బయటి తూమును ఎత్తించలేకపోయింది. చివరికి దూరం నుంచి గొట్టాలు, కాలువలతో నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. 1982లో గేదెల కాపరిని, ఆ తర్వాత నీళ్ల రైతును పక్షికి పోటీదారుగా నిలబెట్టింది గనకే రెండుసార్లూ పార్కు ఒంటరిదైంది. వేడంతాంగల్‌లో రైతు చెరువుకు వాటాదారు, భరత్‌పూర్‌లో అదే రైతు ప్రత్యర్థి. పక్షి ఒక్కటే, నీరు ఒక్కటే. మారింది మనిషికి ఇచ్చిన స్థానం.

ఇప్పుడు అన్నిటికంటే గట్టి అభ్యంతరానికి రావాలి, అది మన కొల్లేరు. మనుషులకు వదిలేస్తే ఏమవుతుందో కొల్లేరు చూడండి అనేవాళ్లకు జవాబు చెప్పకుండా ఈ వాదన నిలవదు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య బుడమేరు, తమ్మిలేరు నీళ్లు చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే ఆ మంచినీటి సరస్సు చుట్టూ, లోపలి లంకల్లో వందల ఏళ్లుగా జనం ఉన్నారు. వానాకాలం చేపలు పట్టారు, నీరు తీశాక వరి వేశారు. 1970లలో పేద మత్స్యకారుల బాగు కోసమని సర్కారే సహకార సంఘాలకు సరస్సు నేలలో చేపల చెరువులు ఇచ్చింది. ఆ చెరువులు లీజుల మీద బయటి పెట్టుబడి చేతుల్లోకి పోయాయి, ఎత్తైన గట్లు లేచాయి, నీటి నడక ఆగింది. 1999లో ఐదో కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు కొట్టేశారు. కొన్నేళ్లకే చాలాచోట్ల చెరువులు మళ్లీ లేచాయి. హద్దును మూడో కాంటూరుకు దించాలని 2008లో శాసనసభే తీర్మానం చేసింది.

ఈ వరసను జాగ్రత్తగా చూస్తే కొల్లేరును చెడగొట్టింది ఊరి కట్టుబాటు కాదని, కట్టుబాటు స్థానంలో లీజు రావడమేనని అర్థమవుతుంది. రుతువును బట్టి నీటిని, నేలను పంచుకునే మనిషికి సరస్సు వచ్చే ఏడాదికీ కావాలి. లీజుదారుకు లీజు తీరేదాకా చాలు. చేపల చెరువూ నీళ్లే కదా, పక్షికేం తక్కువ అనొచ్చు. నిటారు గట్లు, ఏడాదంతా ఒకే లోతు, గడ్డీ గాదం లేని నీళ్లు, పైగా పక్షి వాలితే తరిమే కాపలాదారు ఉన్నచోట లోతులేని నీటిలో నడిచి మేసే కొంగలకు, నీటిమొక్కల మధ్య బతికే కోళ్లకూ బాతులకూ చోటు లేదు. ఆ తర్వాత వచ్చిన చట్టమూ కట్టుబాటును తిరిగి నిలబెట్టే పని చేయలేదు. ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూములున్న రైతుకు పరిహారం తేల్చలేదు, చెరువు పోయిన కూలీకి ప్రత్యామ్నాయం చూపలేదు. యంత్రాలతో గట్లు కొట్టడం ఒక్క వేసవి పని. మళ్లీ గట్టు వేయకుండా చూసేది పక్కనే ఉన్న ఊరు మాత్రమే, ఆ ఊరికి అందులో వాటా లేకుండా చేశాక చూసేదెవరు? అదే కొల్లేరులో ఆటపాక దగ్గర చెట్లు లేనిచోట ఇనుప స్టాండ్లు పాతితే గూడబాతులు వచ్చి గూళ్లు కట్టాయి. మనిషి చేసి పెట్టిన ఏర్పాటును పక్షి కాదనదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

రైతుకు ఇవాళ పక్షితో ఏం పని అని ఇంకొకరు అడగొచ్చు. ఎరువు బస్తా వచ్చాక రెట్టకు విలువ పోయింది, బోరు వచ్చాక చెరువుకే విలువ తగ్గింది. పాత కట్టుబాటుకు ఆధారమైన స్వలాభమే లేనప్పుడు కట్టుబాటును మళ్లీ ఎలా తెస్తారు? ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. కానీ స్వలాభం రూపం మారుతుంది, సూత్రం మారదు. మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో గూళ్లున్న చింతచెట్ల యజమానులకు పోయిన చింతపండుకు బదులుగా అటవీ శాఖ పరిహారం ఇస్తూ వచ్చింది. చెట్టు నరికితే వచ్చే డబ్బుకూ నిలిపితే వచ్చే డబ్బుకూ మధ్య తూకం అక్కడ సరిచేశారు. భరత్‌పూర్‌లోనే పార్కులో అల్లుకుపోయిన సర్కారు తుమ్మను వేళ్లతో సహా పెకలించే పని చుట్టుపక్కల ఊళ్లకు అప్పగించి, ఆ కట్టెలు వాళ్లకే వదిలినప్పుడు పార్కుకూ ఊరికీ ఒకేసారి లాభం కలిగింది. చట్టం కూడా ఈ దారి గుర్తించింది. వన్యప్రాణి చట్టానికి 2003లో అమల్లోకి వచ్చిన సవరణ కమ్యూనిటీ రిజర్వులకు చోటిచ్చింది, అంటే ఊరి భూమిమీద, ఊరి కమిటీ చేతుల్లోనే రక్షణ ఉండే ఏర్పాటు. వీరాపురం, తేలినీలాపురం లాంటి ఊళ్లకు పెద్ద అభయారణ్యపు చట్రం కంటే ఇది ఎంతో బాగా సరిపోతుంది. పైగా కరెంటు ఖర్చు, అడుగంటే బోర్ల మధ్య నిండిన చెరువు భూగర్భజలాన్ని పెంచుతుందన్న ఎరుక రైతుకు మళ్లీ వస్తోంది. పూడిక మట్టికి ఇప్పటికీ పొలంలో విలువుంది. ఈ లాభాలను పక్షి రక్షణతో ముడిపెట్టడమే యాజమాన్యం చేయాల్సిన పని.

ఆ ముడిలో ఇప్పుడు కొత్తగా చేరిన మనిషి సందర్శకుడు. చరిత్రలో పక్షుల చెరువుకు వచ్చిన మొదటి సందర్శకుల్లో చాలామంది తుపాకులతో వచ్చారు, వేడంతాంగల్‌లో సైనికులు, భరత్‌పూర్‌లో వైస్రాయిలు. తుపాకీ స్థానంలో బైనాక్యులర్, కెమెరా రావడం గొప్ప మార్పే. అయినా మార్పు పూర్తికాలేదు. గూటికి దగ్గరగా పోయి ఫొటో కోసం పక్షిని లేపితే, ఆ కొద్ది నిమిషాల్లో గుడ్డు ఎండకు మాడుతుంది, కాకి ఎత్తుకుపోతుంది. అందుకని జనాన్ని అసలు రానివ్వకూడదనే వాదన ఉంది. అది ఒప్పుకోదగ్గది కాదు. చూడని పక్షి కోసం ఎవరూ ఓటు వేయరు, గొంతెత్తరు. 2020లో వేడంతాంగల్ చుట్టూ ఉన్న 5 కిలోమీటర్ల రక్షిత పరిధిని 3 కిలోమీటర్లకు తగ్గించే ప్రతిపాదన వచ్చినప్పుడు గట్టిగా అడ్డుపడ్డవాళ్లలో ఏటా అక్కడికి వెళ్లి చూసినవాళ్లు ఎందరో ఉన్నారు. మేత నేలలు ఆ పరిధిలోనే ఉన్నాయని వాళ్లకు కళ్లారా తెలుసు. కాబట్టి రావాలి, కానీ చెరువు పద్ధతికి లోబడి రావాలి. భరత్‌పూర్ లోపల సైకిళ్లు, రిక్షాలే తిరుగుతాయి. పక్షుల పేర్లు, చోట్లు తెలిసిన రిక్షావాళ్లే అక్కడ మార్గదర్శకులయ్యారు, సందర్శకుడి డబ్బు నేరుగా వాళ్ల ఇంటికి చేరుతుంది. వేడంతాంగల్‌లో కట్టమీద నడక, అక్కడి నుంచే చూపు, కిందికి దిగడం లేదు. 2001 నుంచి సూళ్లూరుపేటలో జరుగుతున్న ఫ్లెమింగో ఫెస్టివల్ వేలమందికి పులికాట్‌ను పరిచయం చేసింది. అంతమంది వచ్చే పండుగలో మైకులు, వాహనాలు నీటికి ఎంత దూరంలో ఆగాలో, వచ్చిన డబ్బులో జాలరి పల్లెలకు ఎంత చేరాలో కూడా అంతే శ్రద్ధగా నిర్ణయించుకోవాలి.

పాత కట్టుబాటు నేర్పిన పద్ధతిని ఇవాళ్టి పనుల్లోకి తెస్తే అది ఇలా ఉంటుంది. చెరువు నీటి లెక్కను రైతూ అటవీ అధికారీ కలిసి వానాకాలానికి ముందే రాసుకోవాలి. పిల్లలు ఎగిరేదాకా తూము కింద ఎంత నీరు నిలపాలో, దానివల్ల ఆయకట్టుకు తగ్గిన తడికి ఏం ఇవ్వాలో అందులో ఉండాలి. పూడిక వేసవిలో తీయాలి, ఆ మట్టి పొలాలకే పోవాలి. కానీ చెరువంతా ఒకే లోతుకు తవ్వకూడదు, అంచున లోతులేని నీరు మిగలకపోతే నడిచి మేసే పక్షికి మేత ఉండదు. కడప, నల్లతుమ్మ మొక్కలు చెరువు ఎండిన ఏడే నాటుకోవాలి, ముసలి చెట్లు రెట్టకూ నీటికీ చచ్చేలోపు కొత్త తరం అందిరావాలి. గడ్డి పెరిగినచోట ఊరి పశువును కాలం చూసి, సంఖ్య చూసి లోపలికి రానివ్వాలి. చుట్టూ ఉన్న చిన్న చెరువులు పక్షుల పటంలో లేకపోయినా వాటి కబ్జాను ఆపడం రక్షిత కేంద్రం పనిగానే లెక్కపెట్టాలి. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టింది కాదు. కట్ట, తూము, అలుగు, పూడిక తెలిసిన ప్రతి ఊరికీ ఈ పనులు తెలుసు.

రెండు వందల ఏళ్ల కిందట ఒక చిన్న ఊరు తన పక్షుల మీద తన హక్కును కాగితం మీద రాయించుకుంది. ఆ తర్వాత మన చట్టాలు పక్షికి హక్కులిచ్చాయి, చాలామేరకు అది అవసరమే. కానీ అదే ఊపులో ఊరి హక్కును, దానితోపాటు ఊరి బాధ్యతను కూడా తీసేసుకున్నాయి. బాధ్యత పోయినచోట అటవీ గార్డు ఒక్కడూ చెరువు మొత్తాన్ని కాయలేడని భరత్‌పూర్, కొల్లేరు రెండూ రెండు వైపుల నుంచి చూపించాయి. ప్రతి పక్షుల చెరువుకూ సర్కారు రాసే యాజమాన్య ప్రణాళికలో ఊరి సంతకం, దానికి తగ్గ వాటా, ఆ వాటాను మీరితే శిక్షించే చట్టం, ఈ మూడూ ఉండాలి. మొదటి రెండూ లేకుండా మూడోదాని మీదే ఆధారపడే పద్ధతిని మనం తగినంత కాలం పరీక్షించి చూశాం. దాని ఫలితం మన కళ్ల ముందుంది, ఇక మార్చుకోవడమే మిగిలింది.